నీళ్లకు ముందు ఓడను మోసేవి

(విశాఖపట్నంలో సివిల్, మెకానికల్, నౌకా నిర్మాణ శాఖల విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగానికి లిఖిత రూపం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థులందరికీ ఆశీస్సులు.

విశాఖపట్నంలో నిలబడి ఓడల గురించి మాట్లాడటమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఈ ఊళ్లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి నౌకా నిర్మాణశాలకు శంకుస్థాపన చేశారు. వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదలతో మొదలైన ఆ యార్డు నుంచి 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జలఉష' ఓడ నీటిలోకి దిగింది. ఆనాటి ఛాయాచిత్రాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ చిత్రాల్లో అందరి కళ్లూ ఓడ మీదే ఉంటాయి. నేను స్ట్రక్చరల్ ఇంజనీరును కనుక నా కన్ను ఓడ కిందికి పోతుంది. అన్ని నెలల పాటు ఆ బరువును మోసిన దుంగలు, దిమ్మలు, కాంక్రీటు, దాని కింది పైల్స్ (నేలలోకి లోతుగా దింపిన స్తంభాలు), ఆ పైల్స్ దిగిన బంకమట్టి, ఇవే ఈ రోజు నా ప్రసంగ విషయం.

ముందుగా ఒక చిక్కు తీర్చుకుందాం. యార్డులో 'బ్లాకు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఓడ కింద పేర్చే ఆధారాన్నీ బ్లాకు అంటారు, విడిగా వెల్డింగ్ చేసి క్రేనుతో తెచ్చి అతికించే ఓడ ముక్కనూ బ్లాకు అంటారు. వినేవారు తికమక పడకుండా కింది ఆధారాన్ని నేను దిమ్మ అంటాను, పైకెత్తే ముక్కను బ్లాకు అంటాను.

ఇల్లు కట్టే ఇంజనీరుకు ఒక సుఖం ఉంది. పునాది ఎక్కడ వేశాడో ఇల్లు జన్మంతా అక్కడే ఉంటుంది. ఓడ కట్టేవాడికి ఆ సుఖం లేదు. నీళ్లలో తేలుతూ, అడుగున అంతటా సమానంగా ఒత్తిడి పొందేలా రూపకల్పన చేసిన కట్టడాన్ని అతను ముందు నేల మీద, వంద చోట్ల మాత్రమే ఆనించి నిలబెట్టాలి. దాన్ని ముక్కలుగా గాలిలోకి ఎత్తాలి, తిరగేయాలి, దించాలి. ఆఖరికి ఆ ఆధారాలన్నింటినీ తీసేసి నీటికి అప్పగించాలి. బరువు ఎంత అన్న ప్రశ్నకు తూకం వేస్తే జవాబు దొరుకుతుంది. ఆ బరువు ఒక ఆధారం నుంచి మరో ఆధారానికి ఎప్పుడు, ఎలా మారుతుందన్న ప్రశ్నకే జవాబు కష్టం. ఈ వృత్తిలో జరిగిన పెద్ద ప్రమాదాల్లో చాలా వాటిని తిరగేసి చూస్తే, అవి బరువు నిలకడగా ఉన్నప్పుడు జరిగినవి కావు, చేతులు మారుతున్నప్పుడు జరిగినవే.

నేల దగ్గర మొదలుపెడతాను. మన విశాఖ రేవు చుట్టూ ఉన్నది సముద్రపు బంకమట్టి. తడిలో మెత్తగా, భారం పడ్డాక ఏళ్ల తరబడి మెల్లమెల్లగా కుంగుతూ ఉండే మట్టి అది. అంత మట్టి మీద నేరుగా కాంక్రీటు పలక పరిచి ఓడను నిలబెడితే పలక విరగకపోవచ్చు గాని, ఒక చివర రెండో చివర కంటే ఎక్కువ కుంగుతుంది. అందుకని పైల్స్ దింపి గట్టి పొరకు చేర్చుతారు. ఇక్కడ కొత్త ఇంజనీర్లు తరచుగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. కీల్ (ఓడ అడుగున నట్టనడుమ ముక్కు నుంచి తోక దాకా పోయే వెన్నెముక) కింద ఉన్న వరుసకు పైల్స్ వేసి, పక్కన ఓడ పొట్టకు ఆనే దిమ్మల వరుసను మామూలు నేల మీద వదిలేస్తారు. పక్క దిమ్మలకు వచ్చే భారం తక్కువే గదా అని వారి వాదన. భారం తక్కువే, నిజం. అయితే పక్క నేల కొంచెం కుంగగానే ఆ దిమ్మలు ఓడకు ఆనడం మానేస్తాయి, అప్పుడు మొత్తం భారం నడిమి వరుస మీదికి వస్తుంది, ఓడ ఒక సన్నని గట్టు మీద నిలబడినట్లవుతుంది. పక్క దిమ్మ మోసేది కొద్ది బరువే అయినా, దాని అసలు ఉద్యోగం ఓడను పక్కకు ఒరగకుండా పట్టడం.

ఇప్పుడు దిమ్మ సంగతి. ఒక దిమ్మను నిలువుగా చూస్తే అడుగున కాంక్రీటు గాని ఉక్కు గాని ఉంటుంది, దాని మీద గట్టి చెక్క, అన్నిటికంటే పైన మెత్తని చెక్క. పైన మెత్తని చెక్క ఎందుకు? ఓడ అడుగు రంగు చెడకుండా అని ఒక విద్యార్థి ఒకసారి నాకు చెప్పాడు. ఆ జవాబులోనూ కొంత నిజం ఉంది. అసలు కారణానికి మాత్రం ఒక చిన్న లెక్క వేయాలి, బోర్డు మీద రాస్తాను.

సుమారు 150 మీటర్ల ఓడ, ఖాళీ బరువు 8,000 టన్నులు అనుకుందాం. కీల్ కింద మీటరున్నరకు ఒకటి చొప్పున వంద దిమ్మలు. సగటున దిమ్మకు 80 టన్నులు. దిమ్మ పైభాగం 1.2 మీటర్లు, 0.4 మీటర్లు, అంటే దాదాపు అర చదరపు మీటరు. పై మెత్తని చెక్క మందం 300 మి.మీ. నార్లకు అడ్డంగా ఒత్తినప్పుడు మెత్తని చెక్క స్థితిస్థాపక గుణకం సుమారు 400 మెగాపాస్కల్స్ అనుకుంటే, ఆ చెక్కను 1 మి.మీ. ఒత్తడానికి 65 టన్నుల చిల్లర కావాలి. దీన్ని తిరగేసి చదవండి. ఒక దిమ్మ పక్కవాటి కంటే ఒక్క మి.మీ. ఎత్తుగా ఉంటే, ఓడ ఏమాత్రం వంగదనుకున్నప్పుడు, దాని మీద అదనంగా 65 టన్నులు పడతాయి. సగటు 80 అనుకున్నది 145 అవుతుంది. మేస్త్రీ చేతి పనిలో ఒక మి.మీ. అనేది తప్పు కూడా కాదు.

మరి ఓడలు ఎలా నిలుస్తున్నాయి? 120 టన్నులు దాటిన చోట ఆ మెత్తని చెక్క నలుగుతుంది. నలిగి కాస్త దిగుతుంది, దిగగానే భారం పక్క దిమ్మలకు పంచబడుతుంది. తనకు మించిన భారాన్ని చెక్క తనంతట తానే పక్కవాడికి అప్పగిస్తుంది. అదే 300 మి.మీ. కాంక్రీటు అయితే దాని బిగువు అరవై రెట్లు ఎక్కువ. నలగదు, దిగదు, పంచదు. ఓడ ప్లేటే లోపలికి సొట్టపడుతుంది. అంచేత బలమైన పదార్థం వేస్తే క్షేమం అనే మన సాధారణ బుద్ధి ఇక్కడ పని చేయదు. నేను వేసిన లెక్కలో ఓడను బండరాయిలా వంగనిదిగా తీసుకున్నాను, నిజంగా అది కొంత వంగుతుంది, అడుగు ప్లేటూ కొంత ఇస్తుంది, కనుక వాస్తవ అంకెలు ఇంకొంచెం మృదువుగా ఉంటాయి. తర్కం మాత్రం మారదు.

దిమ్మ ఎక్కడ పెట్టాలన్నదీ ఓడే చెబుతుంది. బల్క్‌హెడ్ (ఓడ లోపలి అడ్డుగోడ) కింద, ఫ్లోర్ ప్లేటు (అడుగున నిలబెట్టిన అడ్డ పలక) కింద, నిలువు ఉక్కు ఉన్న చోట పెట్టాలి. రెండు స్టిఫెనర్ల (ప్లేటు వంగకుండా వెనక అతికే పట్టీల) నడుమ ఖాళీ ప్లేటు కింద పెడితే చెక్క కంటే ముందు ప్లేటే ఓడుతుంది. ఇక ఓడ వెనక భాగం ఒక తలనొప్పి. చుక్కాని, ప్రొపెల్లర్, షాఫ్టు, వాటికి దగ్గరగా ఇంజను, ఇంత బరువు అక్కడే ఉంటుంది, కాని అడుగు అక్కడ పైకి లేచిపోతుంది, దిమ్మ పెట్టడానికి చోటుండదు. వేలాడే ఆ బరువంతా కీల్ నేలకు ఆనే చివరి నాలుగైదు దిమ్మల మీదికి వస్తుంది. సగటు 80 టన్నులు అని కాగితం మీద రాసుకున్న వాడు ఆ నాలుగైదింటిని చూసి కంగారు పడాలి, పడకపోతే అతని బదులు మనం పడాలి.

ఓడ దిమ్మల మీద కదలకుండా కూర్చుంటుందనుకోవడం కూడా పొరపాటే. విశాఖ ఎండలో మధ్యాహ్నం డెక్కు మీద చెయ్యి పెట్టలేం, అడుగున నీడలో ప్లేటు చల్లగా ఉంటుంది. రెంటికీ 20 డిగ్రీల తేడా, ఓడ ఎత్తు 12 మీటర్లు, పొడవు 150 అనుకుని లెక్కిస్తే, అడ్డు లేకుండా వదిలితే ఓడ నడుము చివరల కంటే 5 సెంటీమీటర్లకు పైగా ఎత్తుకు వంగాలి. సొంత బరువు అంతగా వంగనివ్వదు. కాని మధ్యాహ్నం మధ్య దిమ్మలు తేలికపడి చివరి దిమ్మల మీద భారం పెరగడం మాత్రం నిజం. వెల్డింగ్ దీనికి వ్యతిరేకంగా పని చేస్తుంది. అడుగు ముందు అతికి, డెక్కు తర్వాత అతుకుతాం కనుక, పై అతుకులు చల్లారి ముడుచుకున్నప్పుడు ముక్కు, తోక మెల్లగా పైకి లేస్తాయి. ఉదయం దిమ్మకూ కీల్‌కూ మధ్య కాగితం దూరే సందు కనబడి కంగారుపడిన కుర్ర ఇంజనీర్లను నేను చూశాను, వారిలో ఒకడిని నేనే. ఈ రెండు కారణాల చేతనే, కీల్ సరళరేఖలో ఉందో లేదో చూసే కొలతలు సూర్యోదయానికి ముందు తీస్తారు. ప్రొపెల్లర్ షాఫ్టు వరుస సరిచూసేదీ ఆ వేళలోనే.

ఇక ఎత్తడం దగ్గరికి వస్తాను.

పూర్వం ఓడను ప్లేటు తర్వాత ప్లేటుగా స్లిప్‌వే (నీటి వైపు వాలుగా ఉండే గట్టు) మీదే కట్టేవారు. బెల్ఫాస్ట్‌లో ఒలింపిక్, టైటానిక్ ఓడల కోసం సర్ విలియం ఆరల్ కంపెనీ కట్టిన పెద్ద గాంట్రీ ఆ పద్ధతికి శిఖరం. 840 అడుగుల పొడవు, 228 అడుగుల ఎత్తు గల ఉక్కు చట్రం అది, స్కాట్లండులో ఫోర్త్ రైలు వంతెన కట్టినదీ ఆ కంపెనీయే. అంత పెద్ద చట్రం ఎత్తిన ముక్కలు మాత్రం ఈనాటి లెక్కకు చిన్నవే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా యార్డులు లిబర్టీ అనే సరకు ఓడలను ముందుగానే ముక్కలుగా వెల్డింగ్ చేసి తెచ్చి కలపడంతో పద్ధతి మారింది. 1942 నవంబరులో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడ కీల్ వేసిన నాలుగు రోజుల పదిహేను గంటలకు నీటిలోకి దిగింది. అది ప్రచారం కోసం చేసిన పని, రోజూ జరిగేది కాదు. అయినా ఆనాటి నుంచి యార్డు సామర్థ్యం స్లిప్‌వే పొడవుతో పాటు క్రేను ఎన్ని టన్నులు ఎత్తగలదన్న దానితో కొలవబడుతోంది. కొచ్చిలో 2024 జనవరిలో ప్రారంభమైన కొత్త డ్రై డాక్ (నీరు తోడేసి లోపల ఓడను నిలిపే గుంత) పొడవు 310 మీటర్లు. దాని మీద తిరిగే గాంట్రీ క్రేను సామర్థ్యం 600 టన్నులు.

బ్లాకు ఎత్తడానికి దాని మీద లగ్గులు (రోపు తగిలించే ఉక్కు చెవులు) వెల్డింగ్ చేస్తాం. నాలుగు లగ్గులు పెట్టాం కనుక లగ్గుకు నాలుగో వంతు అనుకుంటే ముప్పే. వైర్ రోపుల పొడవులో చిన్న తేడా ఉన్నా, బ్లాకు బిగువుగా ఉంటే ఎదురెదురు మూలల్లోని రెండు రోపులే భారమంతా మోస్తాయి, మిగతా రెండూ చూడ్డానికి ఉంటాయి. స్లింగు (బ్లాకును ఎత్తే ఆ రోపు) కోణం ఇంకో సంగతి. రెండు స్లింగులు నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కొక్క స్లింగులోనూ మొత్తం బరువంత లాగుడు ఉంటుంది. అంటే 100 టన్నుల బ్లాకుకు ఒక్కో రోపులో 100 టన్నులు. నీళ్ల బిందె తాడును చేతులు దగ్గరగా పట్టి ఎత్తినదానికీ, చేతులు బారజాపి ఎత్తినదానికీ తేడా తెలిసిన వారికి ఈ సూత్రం వేరే నేర్పక్కర్లేదు. చేతులు బారజాపినప్పుడు బ్లాకు కూడా లోపలికి నలుగుతుంది. రోపులను ఎడంగా పట్టి ఉంచే అడ్డ దూలం, స్ప్రెడర్ బీమ్, వాడేది అందుకే.

లగ్గు ఎంత మందంగా చేసినా, అది అతికిన ప్లేటు వెనక స్టిఫెనర్ లేకపోతే ప్రయోజనం లేదు. ప్లేటును దాని మందం దిశలో లాగితే, రోలింగ్ సమయంలో లోపల పొరలుగా ఇరుక్కున్న మలినాల వెంబడి ఉక్కు తట్టు తట్టుగా విడిపోవచ్చు. పైకి చూస్తే వెల్డింగ్ చక్కగా ఉంటుంది, చీలిక ప్లేటు కడుపులో ఉంటుంది. కనుక లగ్గు గీసేటప్పుడు డ్రాయింగును తిప్పి, అవతలి వైపు ఏముందో చూడండి.

బ్లాకును తలకిందులుగా కట్టడం యార్డులో మామూలే. వెల్డర్ కిందికి చూస్తూ చేసే అతుకు, తల పైకెత్తి చేసే అతుకు కంటే బాగుంటుంది, త్వరగా అవుతుంది. కట్టాక దాన్ని గాలిలో తిరగేయాలి. గోలియత్ క్రేనులో (డాక్‌కు అటూ ఇటూ కాళ్లతో నిలబడే అతి పెద్ద గాంట్రీలో) అందుకోసమే ఒకదాని కింద నుంచి ఒకటి దూరిపోయే రెండు ట్రాలీలు ఉంటాయి. ఒక ట్రాలీ బ్లాకును ఒక చివర ఎత్తుతుండగా రెండోది మరో చివర దించుతుంది. మొదట సగం సగంగా ఉన్న భారం, బ్లాకు నిలువుగా వచ్చేసరికి దాదాపు అంతా ఒకే ట్రాలీ మీదికి వస్తుంది. మొదటి భంగిమకు, చివరి భంగిమకు మాత్రమే లెక్క వేసి, మధ్యలోని 90 డిగ్రీలకు వేయని వాడు సగం పని చేసినట్టే.

గోలియత్ పేరు ఎత్తాం గనుక బెల్ఫాస్ట్‌లోని జంట క్రేన్లను చూడకుండా ముందుకు పోలేం. 1969లో వచ్చిన గోలియత్ ఎత్తు 96 మీటర్లు, 1974లో వచ్చిన శామ్సన్ ఎత్తు 106 మీటర్లు. కాళ్ల మధ్య దూరం 140 మీటర్లు, ఒక్కొక్కటి 840 టన్నులు ఎత్తుతుంది. ఇలాంటి పెద్ద గాంట్రీలలో ఒక కాలు మందంగా, పైదూలానికి బిగించి ఉంటుంది. రెండో కాలు పలచగా, పైన కీలు మీద ఊగేలా ఉంటుంది. డబ్బు ఆదా కోసం అనుకునేరు. 140 మీటర్ల దూలం 30 డిగ్రీల వేడి తేడాకు 5 సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. రెండు పట్టాలూ ఎప్పటికీ సమాంతరంగా ఉండవు, రెండు కాళ్ల మోటార్లూ ఒకే వేగంతో నడవవు. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటే ఈ తేడాలన్నీ చక్రాల అంచుల మీద, పట్టాల మీద, పునాదుల మీద పక్క ఒత్తిడిగా పడతాయి. ఒక కాలు ఊగితే అవన్నీ సద్దుమణుగుతాయి. దిమ్మ మీద మెత్తని చెక్క చేసిన పనినే ఇక్కడ కీలు చేస్తోంది.

స్వీడన్‌లోని మాల్మోలో కోకమ్స్ యార్డుకు 138 మీటర్ల ఎత్తు, 1,500 టన్నుల సామర్థ్యం గల క్రేను ఉండేది. యార్డు మూతపడ్డాక 2002లో కొరియాకు చెందిన హ్యుందాయ్ దాన్ని ఒక్క డాలరు ధరకు కొని, విప్పి ఉల్సాన్‌కు తీసుకుపోయింది. ధర ఒక డాలరే గాని విప్పడం, మోయడం, కొత్త పునాదులు వేయడం ఖర్చంతా కొన్నవారిదే. కొరియాలో దానికి వచ్చిన పేరు 'మాల్మో కన్నీళ్లు'.

మన తీరంలో క్రేనుకు అసలు శత్రువు గాలి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు అంటుంది. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, 50 మీటర్ల దగ్గర చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే 150 కిలోల పైమాట. క్రేను పని చేస్తూ 20 మీటర్ల గాలికి ఆగిపోవాలనుకుంటే అప్పటి ఒత్తిడి దానిలో ఆరో వంతు కూడా ఉండదు. కనుక పని చేసే క్రేను, తుపానులో నిలబడ్డ క్రేను రెండూ వేర్వేరు కట్టడాలు. తుపాను రోజున దాని చక్రాలను నమ్మరాదు, నేలలో పాతిన కొక్కేలకు కట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరికి నేర్పిన పాఠంలో ఇది కూడా ఒకటి. ఓడ మీదా అదే గాలి వీస్తుంది. 150 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తు గల ఓడ పక్క మీద ఆ ఒత్తిడి వేస్తే 270 టన్నుల పక్క తోపుడు. ఆ లెక్క పక్క దిమ్మలు వేసేనాడే వేసి ఉండాలి. 2023 మార్చి 22న స్కాట్లండులోని లీత్‌లో డ్రై డాక్‌లో ఉన్న పెట్రెల్ అనే పరిశోధక నౌక పెనుగాలి వీస్తున్న వేళ తన ఆధారాల నుంచి జారి దాదాపు 45 డిగ్రీలు ఒరిగిపోయింది, ముప్పై మందికి పైగా గాయపడ్డారు.

క్రేను గురించి ఈ ఊళ్లో మాట్లాడుతూ 2020 ఆగస్టు 1ని దాటవేయడం న్యాయం కాదు. ఆ రోజు ఇక్కడి యార్డులో ఒక క్రేను పరీక్ష సమయంలో కూలి 11 మంది మరణించారు. కారణాల మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. పరీక్ష గురించి మాత్రం ఒక మాట చెబుతాను. లోడ్ టెస్ట్ అంటే క్రేను తన జీవితంలో ఇంకెప్పుడూ మోయనంత భారాన్ని మొదటిసారిగా మోసే ఘడియ. లెక్క తప్పయితే బయటపడేది అప్పుడే. కనుక ఆ సమయంలో క్రేను మీదా, దాని కిందా, అది పడగలిగే దూరంలోనూ ఎంతమంది ఉండాలన్నది కూడా ఇంజనీరు గీసే డ్రాయింగులో భాగమే కావాలి.

ఇక నీటిలోకి దించడం. స్లిప్‌వే వాలు సాధారణంగా ఇరవైకి ఒకటి చుట్టుపక్కల ఉంటుంది. ఓడ పుట్టినప్పటి నుంచి ఆ వాలులోనే పెరుగుతుంది. మేస్త్రీ తూకపు గుండు అక్కడ పనికిరాదు. 12 మీటర్ల బల్క్‌హెడ్ నిలువుగా ఉందా అని గుండు వేలాడదీస్తే, సరిగ్గా ఉన్న బల్క్‌హెడ్ కూడా 60 సెంటీమీటర్లు పక్కకు చూపిస్తుంది. మన 8,000 టన్నుల ఓడను ఆ వాలు కిందికి లాగే బలం 400 టన్నులు. కొవ్వు, సబ్బు పూసిన దారిలో రాపిడి మూడు శాతమైతే అది ఆపేది 240 టన్నులు. మిగిలిన 160 టన్నులను చివరి నిమిషం దాకా ట్రిగ్గర్లు (ఓడను జారకుండా ఆపే పట్లు) పట్టుకుని ఉండాలి. 1911 మే 31న టైటానిక్ దిగినప్పుడు 22 టన్నుల కొవ్వు, సబ్బు, నూనె పూశారు, 62 సెకన్లలో ఓడ నీటిలో ఉంది.

ఆ నిమిషంలో స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఊపిరి ఆడదు. ఓడ వెనక భాగం ముందు నీటిలోకి పోతుంది. అది స్లిప్‌వే అంచు దాటి వేలాడే క్షణానికి నీరు సరిపడా పైకి తోయకపోతే ఓడ అంచు మీద తూగుడుబల్లలా తిరిగి తోక కిందికి పోతుంది, అడుగు అంచు దగ్గర నలుగుతుంది. నీరు సరిపడా తోస్తే తోక తేలుతుంది, అప్పుడు ముక్కు దగ్గరున్న ఆధారం ఒక్కటే ఇరుసుగా మారుతుంది. అప్పటిదాకా ఓడ పొడవునా పంచుకున్న బరువులో నాలుగో వంతు దాకా, అంటే మన లెక్కలో 2,000 టన్నులు, కొద్ది మీటర్ల చోటు మీద ఒక్కసారిగా పడతాయి. ముక్కు ఆధారాన్ని అంత బలంగా కట్టేదీ, ఆ చోట ఓడ లోపల తాత్కాలికంగా దుంగలు బిగించేదీ కొన్ని సెకన్ల ఆ భారం కోసమే. పోటు ఎత్తు అరమీటరు తగ్గినా ఈ లెక్క మారుతుంది. అందుకే ముహూర్తం పంచాంగంతో పాటు పోటు పట్టిక కూడా చూసి పెడతారు.

తోక ముందుగా కాక పక్కవాటుగా దించబోయి బ్రిటిష్ ఇంజనీరు ఇసంబార్డ్ బ్రూనెల్ పడిన అవస్థ ఇంజనీరింగ్ చరిత్రలో నిలిచిపోయింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున కట్టిన గ్రేట్ ఈస్టర్న్ పొడవు 692 అడుగులు, దించేనాటి బరువు సుమారు 12,000 టన్నులు. తోక ముందుగా దించడానికి నదిలో చోటు లేదు. ఓడ అదుపు తప్పి జారిపోతుందేమోనన్న భయంతో ఆయన కొవ్వు పూసిన చెక్క మీద కాకుండా ఇనుప పట్టాల మీద ఇనుప క్రెడిల్ (ఓడను మోసే చట్రం) జారేలా ఏర్పాటు చేశాడు. 1857 నవంబరు 3న మొదటి ప్రయత్నంలో ఓడ కొద్ది అడుగులు కదలగానే గొలుసు చుట్టే డ్రమ్ము ఎదురు తిరిగి పనివారిని విసిరికొట్టింది, ప్రాణం పోయింది. ఆ తర్వాత ఓడ మొరాయించింది. దేశంలో దొరికిన హైడ్రాలిక్ జాకీలన్నీ తెచ్చి అంగుళాల లెక్కన తోసి, చివరకు 1858 జనవరి 31న పెద్ద పోటు మీద తేల్చారు. జారిపోకుండా చూడాలనే జాగ్రత్తే కదలకుండా చేసింది. ఇనుము మీద ఇనుము రాపిడిని ఆయన తక్కువ అంచనా వేశాడని చెప్పడం ఈనాడు తేలిక. అంత బరువు అప్పటిదాకా ఎవరూ అలా జరపలేదని మనం గుర్తుంచుకోవాలి.

ఈ గొడవంతా తప్పించడానికి ఇరవయ్యో శతాబ్దంలో రెండు మార్గాలు బలపడ్డాయి. ఒకటి బిల్డింగ్ డాక్, ఓడను గుంతలో కట్టి నీరు వదిలితే తేలుతుంది. రెండోది షిప్‌లిఫ్ట్. అమెరికాలో రేమండ్ పియర్ల్‌సన్ 1950ల చివర్లో సింక్రోలిఫ్ట్ పేరుతో దీనికి రూపమిచ్చాడు. నీటిలో దిగిన ఉక్కు వేదిక, దాని అడ్డ దూలాల రెండు చివరలకు తాడు చుట్టే వించిలు, అన్నీ ఒకే వేగంతో తిరిగే సింక్రొనస్ మోటార్లు. ఆ పేరు వచ్చింది అక్కడి నుంచే. కొచ్చిలోని నౌకా మరమ్మతు కేంద్రంలో ఇలాంటి షిప్‌లిఫ్ట్ 6,000 టన్నులు ఎత్తుతుంది. వేదికలోని అడ్డ దూలాలను పొడవు దిశలో బిగించేయరు, కీళ్లతో కలుపుతారు. ఏ వించి ఎంత మోస్తోందో తెలియాలంటే వేదిక ఒకే బిగువు పలకగా ఉండకూడదు.

పైకి వచ్చిన ఓడను పక్కకు తరలించేటప్పుడు హైడ్రాలిక్ ట్రాలీలు వాడతారు. దిమ్మ స్ప్రింగు లాంటిది, ఎత్తులో తేడా వస్తే భారం మారుతుంది. హైడ్రాలిక్ జాకీలను ఒకే గొట్టానికి కలిపితే వాటన్నిటిలో ఒత్తిడి సమానం, ఎత్తులో తేడా వచ్చినా భారం మారదు. వందలాది చక్రాలనూ అలా మూడు గుంపులుగా కలిపితే ఓడ మూడు చోట్ల ఆనినట్టే. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు గదా, అదే న్యాయం. ఒక గుంపు గొట్టం పగిలితే ఆ కాలు పూర్తిగా కుంగిపోతుందన్నది దాని వెల. ప్రతి జాకీ కిందా చేతికి అందే దూరంలో చెక్కలు పేర్చుతూ పోయేది ఆ భయంతోనే.

చివరిగా, డాక్‌లోకి నీరు వదిలే వేళ. ఓడ తేలేదాకా కొంత భారం దిమ్మలది, కొంత నీటిది. దిమ్మలు అడుగు నుంచి పైకి తోస్తుంటాయి, ఆ తోపుడు ఓడ నిలకడను తగ్గిస్తుంది. ఓడ బరువులో కొంత తీసేసి, దాని గురుత్వ కేంద్రాన్ని ఆ మేరకు పైకి జరిపినట్లు లెక్కించాలి. పూర్తిగా దిమ్మల మీద ఉన్నప్పుడు ఒరగని ఓడ, పూర్తిగా తేలినప్పుడు ఒరగని ఓడ, నడుమ ఒక దశలో ఒరిగిపోగలదు. లోపల ట్యాంకుల్లో సగం సగం నీరున్నా, ఒక పక్క బరువు పెట్టి మరిచినా ముప్పు పెరుగుతుంది. 2016 డిసెంబరు 5న ముంబై నౌకాదళ డాక్‌యార్డులో బేత్వా యుద్ధనౌక డాక్ నుంచి బయటికి తేల్చే వేళ పక్కకు ఒరిగింది, ఇద్దరు నావికులు చనిపోయారు. కనుక కీల్ దిమ్మల నుంచి లేవబోయే ముందు నీటిని ఆపి, ఓడలోపల ఒక మనిషి ప్రతి ట్యాంకునూ చూసి, ఒరుగుడు కొలిచి, ఆ తర్వాతే మళ్లీ వాల్వు తిప్పుతారు. తొందరపడే డాక్ మాస్టరును నేను ఇంతవరకు చూడలేదు, చూస్తే ఆయనతో పని చేయను.

ఓడ బయటికి పోయాక, అందరూ రేవు వైపు చప్పట్లు కొడుతున్నప్పుడు, నీరు తోడేసిన డాక్‌లోకి దిగి దిమ్మల వెంట నడవడం నాకు అలవాటు. ప్రతి దిమ్మ మీదా మెత్తని చెక్కలో ఓడ అడుగు ముద్ర ఉంటుంది. కొన్ని మూడు నాలుగు మి.మీ. లోతు నలిగి ఉంటాయి, కొన్నింటి మీద గీతైనా ఉండదు, అంటే అవి ఇన్నాళ్లూ ఊరికే నిలబడ్డాయన్నమాట. స్కేలు పట్టుకుని ఆ లోతులు ఒక్కొక్కటీ రాసుకుంటాను. తర్వాతి ఓడకు దిమ్మల పట్టిక వేసేటప్పుడు పక్కన పెట్టుకునేది ఆ కాగితమే. నమస్కారం.